రైలు కిటికీలోంచి జోసఫ్ బావ సమాధి

పోయిన నెల మా పులివెందులలో మళ్లీ కొలతలవాళ్లు దిగారు. మూడుకాళ్ల మిషను ఒకటి, దానికి గొడుగు పట్టేవాడొకడు, దూరంగా ఎర్రజెండా పట్టుకుని నిలబడేవాడొకడు. రైలు వస్తుందట. మా పక్కింటి పార్వతమ్మకు ఊరి బయట ఎకరన్నర చేను ఉంది. అప్పటి నుంచి ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు. స్టేషను ఎక్కడ పెడతారు, చుట్టూ ఎన్ని ఇళ్లు లేస్తాయి, తన చేను ప్లాట్లు వేస్తే దానికి ఏం పేరు పెట్టాలి, అన్నీ నన్నే అడుగుతుంది. నేనేదో రైల్వే మంత్రినైనట్టు.

"రైలొస్తే మనూరు గూడా ప్రొద్దుటూరు మాదిరి అవుతాదొదినా," అంది.

"అవుతాదిలే. నీ చేన్లో ఎవురన్నా రాయి నాటితే మాత్రం, అది యాడ్నుంచి వచ్చిందో అడిగి తెలుసుకో," అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. అర్థం కావాలంటే మా అక్క సంగతి చెప్పాలి.

మా అక్క పేరు యేసమ్మ. మేం పుట్టింది చాపాడు పక్కన. మా నాయన కూలికి పోయేవాడు, ఆదివారం గుడిలో గంట కొట్టేవాడు. నేను రెండో తరగతి దాకా చదివాను, అక్క అది కూడా లేదు. నన్ను పులివెందులకు ఇచ్చారు, దాన్ని ప్రొద్దుటూరు బయట బేతనియపేటకు ఇచ్చారు. ముప్పై గడపల పేట. అందరూ మా క్రైస్తవ మిషను వాళ్లే. ఊళ్లోకి పోవాలంటే చేలగట్ల మీద గంట నడక. అక్క రోజూ ఆ గంట నడిచి పత్తిమిల్లుకు పోయేది, మళ్లీ గంట నడిచి వచ్చేది. తల మీద, కనురెప్పల మీద దూది అంటుకుని ఉండేది. పాతికేళ్లకే ముసలిదానిలా కనిపిస్తున్నావని నేను నవ్వేదాన్ని.

దాని మొగుడు జోసఫ్ బావ. పొడుగు మనిషి. పది మాటలకు ఒక మాట బదులు చెప్పేవాడు. ఆయన జన్మలో గొప్పగా చెప్పుకున్నది ఒక్కటే. పాతికేళ్ల కిందట, ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు మీదుగా, జమ్మలమడుగు మీదుగా రైలుదారి వేయాలని కొలతలు వేసినప్పుడు ఆయన కొలత గొలుసు లాగే కూలిగా పోయాడు. గొలుసు లాగడం, గుంత తీయడం, హద్దురాయి నాటడం. ఆ రాళ్లు సిమెంటువి, నడుమెత్తు ఉంటాయి, ముఖాన రైల్వే అక్షరాలు, ఒక బాణం గుర్తు చెక్కి ఉంటాయి. వాటిలో ఒకటి బండిమీద నుంచి పడి మూల విరిగింది. పనికిరాదని పక్కన పారేశారు. బావ దాన్ని భుజాన పెట్టుకుని రెండు మైళ్లు మోసుకొచ్చి గుడిసె ముందర మెట్టుగా వేశాడు. వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించేవాడు. రైలు రాకముందే మా బావ డ్రైవరైపోయాడని నేను ఎగతాళి చేస్తే, పెదవి చివర నవ్వి ఊరుకునేవాడు.

ఆ రైలు ఆయన చూడలేదు. కొలతలు అయ్యాక ఏళ్లూ పూళ్లూ గడిచాయి, దారి పడలేదు. ఆయన జ్వరంతో పోయాడు.

పేటకు తూర్పున మా సమాధుల తోట ఉంది. పాత మిషను దొరల కాలంలో ఇచ్చిన జాగా. కాగితం ఏదైనా ఉంటే అది ఏ పెట్టెలో ఉందో ఎవరికీ తెలియదు, అడగాల్సిన అవసరం కూడా ఎవరికీ రాలేదు. పేటలో ఒక వాడుక ఉంది. మొగుడు ముందు పోతే పక్కన పెళ్లానికి, పెళ్లాం ముందు పోతే మొగుడికి, ఒక మనిషి పట్టేంత నేల వదులుతారు. ఎవరూ పొరపాటున తవ్వకుండా నాలుగు మూలలా నాలుగు రాతిగుండ్లు పెడతారు. బావ సమాధి తోటకు పడమటి అంచున, మొదటి వరసలో ఉంది. దాని పక్కన అక్క నాలుగు గుండ్లు పెట్టుకుంది.

సమాధి తలకాడ నాటిన కొయ్య సిలువను ఏడాది తిరక్కుండానే చెదలు తినేసింది. రాతిపలక వేయించే స్తోమత లేదు. అక్క ఏడుస్తూ కూర్చుంటే నాకు విసుగొచ్చింది.

"వాకిట్లో మెట్టురాయి ఉంది గదమ్మే. దాన్ని తీస్కబోయి నాటు. ఆయప్ప భుజాన మోసుకొచ్చిందే గదా," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఇంకెవరి మీదా తోయను.

అందరికీ బాగుందనిపించింది. రాయి నాటారు. అక్షరాలు కనబడకుండా మందంగా సున్నం కొట్టి, దాని మీద నీలిమందుతో సిలువ గీసింది అక్క. అప్పటి నుంచి ప్రతి ఈస్టరుకు ముందురోజు ఊడ్చి, రాయికి సున్నం కొట్టేది. నాలుగు గుండ్లకు కూడా కొట్టేది. బతికుండగానే నీ సమాధికి సున్నమేంది అని పక్కవాళ్లు అడిగితే, "నా ఇల్లు నేను అలుక్కుంటాండా, మీకేం నొప్పి," అనేది.

చివరికి రైలు వచ్చింది. మొదటి రోజు పేటంతా పోయి చూశారు. అక్క రైలు పెట్టెను చేత్తో తాకి, ఎక్కకుండానే వచ్చేసింది. తోటకు తూర్పున పట్టాల కోసం ఎత్తుగా మట్టికట్ట పోశారు. బావా వాళ్లూ నాటిన అసలు హద్దురాళ్లు ఆ మట్టి కింద ఎక్కడో పడిపోయాయి. కట్ట పొడవునా రైల్వేవాళ్లు కంచె వేశారు. అదేం బాధ కాలేదు. తోటలోకి మేం పోయేది పడమటి వైపు చేలలోంచే.

బాధ ఆ చేల నుంచే వచ్చింది. స్టేషను పడేదాకా అక్కడ శనగ తప్ప ఏమీ లేదు. రైలు నడవడం మొదలయ్యాక ఒక టీ బంకు, నాలుగు ఆటోలు వచ్చాయి. తర్వాత మట్టిరోడ్డు తారురోడ్డయింది. ప్రొద్దుటూరులో బట్టల కొట్టున్న బదరీనారాయణ శెట్టి ఆ చేలు కొని ప్లాట్లు వేశాడు. ఊళ్లో ఇల్లు కొనలేనివాళ్లు, అద్దె కట్టలేక విసిగినవాళ్లు అక్కడ కట్టుకున్నారు. జమ్మలమడుగులో చదువు చెప్పే టీచర్లు, కడపలో బ్యాంకులకు పోయేవాళ్లు, ఎర్రగుంట్లలో దిగి బస్సు మారి కలమల్ల కరెంటు ఫ్యాక్టరీకి పోయేవాళ్లు. పొద్దుటి రైళ్లకు కాలనీ ఖాళీ అవుతుంది, సాయంత్రం రైళ్లకు నిండుతుంది. పంపు తిప్పితే తొట్టి నిండినట్టే. మధ్యాహ్నం పోతే ముసలివాళ్లు, కుక్కలు, మా పేట నుంచి వచ్చి అంట్లు తోమే ఆడవాళ్లు తప్ప ఎవరూ కనబడరు.

అబద్ధం ఎందుకు చెప్పాలి, మొదట అందరికీ మేలే జరిగింది. అక్క మిల్లు మానేసింది. దాని కొడుకు జయపాల్ బేల్దారి, గోడలు కట్టే పని. వాడికి రెండేళ్లు చేతినిండా పని. కోడలికి మూడిళ్లలో పని దొరికింది. మా పేటవాళ్ల చేతులు పడని గోడ ఆ కాలనీలో ఒక్కటి లేదు.

ప్లాట్లకు హద్దులు వేసేటప్పుడు శెట్టి ఒక కుర్ర సర్వేయరును పెట్టుకున్నాడు. రైల్వే భూమి ఎక్కడ మొదలవుతుందో తెలిస్తే గాని లెక్క కుదరదు. రాళ్ల కోసం కట్ట వెంబడి వెతికాడు, దొరకలేదు. వెతుకుతూ తోట అంచుకు వచ్చి బావ సమాధి రాయి చూశాడు. బండి తాళంచెవితో సున్నం గీకాడు. అక్షరాలు బయటపడ్డాయి, బాణం బయటపడింది. జయపాల్ అప్పుడు పక్కనే పునాది తీస్తున్నాడు. పరుగెత్తిపోయి, అది మా నాయన సమాధి అన్నాడు.

"సమాధి మీ నాయనదే కావొచ్చప్పా. రాయి మాత్రం రైల్వేది," అన్నాడా పిల్లోడు.

వాడన్నదాంట్లో అబద్ధం ఏముంది? మా నాయన ఎత్తుకొచ్చాడు అని చెప్పడానికి జయపాల్‌కు నోరు రాలేదు. చచ్చినవాణ్ణి దొంగ అంటారేమోనని భయపడ్డాడు. నేనైనా అంతే చేసేదాన్నేమో.

ఆ రాయి నుంచి కట్ట దాకా, అంటే తోట మొత్తం, ప్లానులో రైల్వే భూమి అని పడింది. రాయికి మూరెడు ఇవతల నుంచి కాలనీ గోడ లేచింది. కట్టినవాళ్లలో జయపాల్ ఒకడు. వాడు పోయి శెట్టిని బతిమాలితే, పాడె పోయేంత సందు వదలడానికి శెట్టి వెంటనే ఒప్పుకున్నాడు. మర్యాదస్తుడు. సమాధులకు దారి మూయడం మాకూ మంచిది కాదు జయపాలూ అన్నాడట. ఆ సందులోంచి ఇద్దరు ముసలివాళ్లను తీసుకుపోయి పాతిపెట్టారు కూడా. అక్క ఎప్పటిలాగే పోయి సున్నం కొట్టుకుంది.

తర్వాత ప్లాట్లన్నీ అమ్ముడుపోయాయి. శెట్టికి ఆ కాలనీతో పని తీరింది. ఇళ్లవాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. ఒక మధ్యాహ్నం, ఇళ్లలో ఎవరూ లేని వేళ, రెండు ఇళ్ల తాళాలు పగిలాయి. దొంగలు ఆ సందులోంచే వచ్చారని ఎవరో అన్నారు. మా వాళ్లందరూ కోతపండుగకు గుడిలో ఉన్న రోజు చూసి, వేరే ఊరి మేస్త్రీని తెచ్చి సందు మూసేశారు. ఇవతల గోడ, అవతల కంచె, రెండు కొసలా అవి కలిసిపోయాయి. మధ్యలో తోట. లోపలికి పోవడానికి పిల్లికి కూడా దారి లేదు.

అప్పటికి అక్కకు డెబ్బై దాటాయి. దానికి ఇల్లు వాకిలి మీద ఆశ లేదు, కొడుకు పెట్టింది తినేది. ఆ నాలుగు గుండ్ల మధ్య జాగా ఒక్కటే దానికి కావాల్సింది.

సంఘం కార్యదర్శి సాయిప్రసాద్. కలమల్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. సింహాద్రిపురం మనిషే, మన మాటే మాట్లాడతాడు. అక్కా నేనూ జయపాలూ పోతే కుర్చీలు వేసి కూర్చోబెట్టాడు, మజ్జిగ ఇప్పించాడు. కాగితాలన్నీ తెచ్చి చూపించాడు. లేఅవుటులో అక్కడ దారి లేదు, ఆ అవతలిది రైల్వే భూమి, రైల్వేవాళ్ల భూమిలోకి దారి వదిలే హక్కు మాకు లేదు, వాళ్లను అడగండి అన్నాడు. మజ్జిగ చల్లగా ఉంది. తాగి వచ్చేశాం.

హద్దులు చూసే రైల్వే ఆఫీసుకు పోయాం. అక్కడి గుమాస్తా మ్యాపు పరిచి చూశాడు. మా హద్దు కట్ట దగ్గరే, ఆ తోట మాది కాదు అన్నాడు. ఆ మాట రాసివ్వమంటే, మాది కాని జాగాకు మేం కాగితం ఎలా ఇస్తామమ్మా అన్నాడు. అక్కడి నుంచి రెవెన్యూ ఆఫీసుకు పోయాం. ప్లానులో రైల్వే అనే ఉంది, కాదని వాళ్ల దగ్గర కాగితం తీసుకురండి అన్నారు. ఇట్లా రెండేళ్లు తిరిగాం. తిట్టినవాడు ఒక్కడు లేడు. తిడితే నేనూ నాలుగు తిట్టేదాన్ని. నా నోరు సంగతి ఊరందరికీ తెలుసు. అందరూ మంచిగా మాట్లాడేసరికి నా నోటికి పని లేకుండా పోయింది.

ఆఖరికి అక్క ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామంది. రెవెన్యూ ఆఫీసు పెద్దాయన గదిలో, బల్ల ముందర నిలబడి చెప్పింది.

"ఆ రాయి మా ఆయప్ప ఎత్తుకొచ్చినాడు సార్. ఇరిగిపోయింటే భుజాన ఏసుకొచ్చి మెట్టుకేసినాడు. ఆయప్ప పోయినంక ఈ నా చెల్లెలు నాటమంటే నాటినా. అది హద్దు కాదు."

ఆయన కలం పక్కన పెట్టాడు. కోపం తెచ్చుకోలేదు.

"అవ్వా, సర్కారు రాయి ఎత్తుకొచ్చినామని నువ్వు రాసిస్తే ముందర మీ మింద కేసు పెట్టాల. పెరికేస్తే పెరికినోళ్ల మింద కేసు. నువ్వు చెప్పేది నిజమే అనుకో, సాచ్చికం ఎవురు?"

"ఎత్తుకొచ్చిన మా ఆయప్పే సాచ్చికం. ఆడ పండుకోనుండాడు. పిలిపించుకో సార్," అంది అక్క.

గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వి, ఎండ ఎక్కకముందే ఇంటికి పొమ్మన్నాడు.

ఆ తర్వాత అక్కకు మోకాలి నొప్పి ముదిరింది. జమ్మలమడుగు ఆసుపత్రిలో చూపించడానికి నేనే తీసుకుపోయాను. జీవితంలో మొదటిసారి రైలెక్కింది. స్టేషను దాటి రైలు ఇంకా వేగం పుంజుకోకముందే నా చేయి గట్టిగా పట్టుకుంది. కట్ట ఎత్తు మీద నుంచి కంచె అవతల తోట మొత్తం కనిపిస్తోంది. ముళ్లకంప లేచింది, సిలువలు వంగిపోయాయి. అంచున తెల్లరాయి, పక్కన నాలుగు తెల్ల చుక్కలు. గుక్కెడు నీళ్లు మింగేంతసేపు. తర్వాత కాలనీ మిద్దెలు అడ్డం వచ్చాయి.

ఇంక అక్క ప్రతి గురువారం ఆ రైలెక్కేది. మోకాలి పేరు చెప్పేది. జమ్మలమడుగు స్టేషను బల్ల మీద కూర్చుని తెచ్చుకున్న సంగటి తిని, సాయంత్రం రైలుకు తిరిగొచ్చేది. పోయేటప్పుడు ఎడమ కిటికీ, వచ్చేటప్పుడు కుడి కిటికీ. ఆ పెట్టెలో రోజూ పోయే టీచర్లకు ఎవరి సీటు వాళ్లకు ఉంటుంది, కొత్తవాళ్లు కూర్చుంటే మొహం మాడ్చుకుంటారు. వాళ్లలో ప్రియాంక అని ఒక పిల్ల మాత్రం తన కిటికీ సీటు అక్కకు ఇచ్చేది. కొన్ని వారాలకు, రోజూ ఏం చూస్తావవ్వా అని అడిగింది. అక్క చెప్పింది. ఆ పిల్ల సాయిప్రసాద్ పెళ్లామని అప్పుడు తెలిసింది. మా వారితో మాట్లాడతానవ్వా అని మాటిచ్చిందట. మరుసటి గురువారం లేచి సీటిచ్చి, తలుపు దగ్గర నిలబడింది. ఆ తర్వాత ప్రతి గురువారం అంతే. సీటు ఇచ్చేది, మొహం చూసేది కాదు.

ఫోనులో అక్క నాకు చెప్పే కబురు కూడా ఒక్కటే.

"సున్నం పోతాందమ్మే. గుండ్లకు ముందే పోయింది. రాయికి గూడా పోతాంది."

"పోతే పోనీ. బావకేమన్నా చలేస్తాదా," అనేదాన్ని. ఇంకేం అనాలో నాకు తెలిసేది కాదు.

ఈ ఈస్టరుకు పేటవాళ్లు తెల్లవారుజామున కాలనీ గోడకు ఇవతల నిలబడి ప్రార్థన చేసుకున్నారు. గుడి అయ్యగారు గొంతు తగ్గించి వాక్యం చదివారు, ఇళ్లలో జనం నిద్రలో ఉన్నారని. అక్క సున్నం డబ్బా తెచ్చుకుంది. గోడకు కొట్టలేదు. అట్లాగే ఇంటికి తీసుకుపోయింది.

ఆ తర్వాత నెల తిరక్కుండానే పోయింది. నిద్రలోనే. నేను పులివెందుల నుంచి బస్సులో పోయేసరికి శవపెట్టె సిద్ధంగా ఉంది. పేటవాళ్లందరం పెట్టె ఎత్తుకుని కాలనీకి పోయాం. సాయిప్రసాద్ ఆ రోజు పనికి పోలేదు. గేటు దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"నాకు తెలుసు పెద్దమ్మా. మీరు చెప్పేది నాకు తెలుసు. గోడ పగలగొట్టాలంటే మీటింగు పెట్టాల. ఆదివారం గాని జనం దొరకరు, అందరూ రైల్లో ఉండారు. రేప్పొద్దున రైల్వేవాళ్లు అడిగితే సంతకం నాది."

"ఆదివారం దాకా మా యక్క ఉంటాదా నాయనా," అన్నాను.

అది మే నెల. పెట్టె మీద గొడుగు పట్టి నిలబడ్డాం.

జయపాల్ గడ్డపార తెచ్చాడు. గోడ దగ్గరికి పోయాడు. సందు మూసిన చోట సిమెంటు రంగు వేరుగా ఉంది, ఎక్కడ కొడితే పడుతుందో వాడికంటే తెలిసినవాళ్లు ఎవరు? గడ్డపార ఎత్తాడు. కిటికీల్లో ముసలివాళ్లు చూస్తున్నారు. వాడి పెళ్లాం అంట్లు తోమే ఇళ్లు మూడూ అక్కడే ఉన్నాయి. నేను పోయి వాడి మోచెయ్యి పట్టుకున్నాను.

"దించు నాయనా," అన్నాను.

దించాడు. జీవితమంతా నోరు పెట్టుకుని బతికినదాన్ని, ఆ రోజు నేనన్నది ఆ ఒక్క మాట.

జమ్మలమడుగు దారిలో మా గుడి సంఘానికి కొత్తగా ఇచ్చిన సమాధుల నేల ఉంది. గుంత తీస్తే సగం రాయే తగిలింది. అక్కడ పెట్టాం. ఒక పక్క ఎవరో కలమల్ల వైపు ముసలాయన. ఇంకో పక్క ఇంకా ఎవరూ లేరు.

పెద్దకర్మ ప్రార్థన అయ్యాక, తిరిగి వచ్చే ముందు ఒక్కదాన్నే ప్రొద్దుటూరు స్టేషనుకు పోయి పొద్దుటి రైలెక్కాను. ప్రియాంక నన్ను చూసి లేచింది. నేను అక్క చెల్లెల్నని ఎలా కనిపెట్టిందో, మొహాలు కలుస్తాయేమో. ఎడమ కిటికీ దగ్గర కూర్చున్నాను. చుట్టూ అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు.

రైలు కదిలింది. తోట వచ్చింది. నాలుగు గుండ్లూ ముళ్లకంపలో పడిపోయాయి, వెతికినా కనబడలేదు. రాయి కనబడింది. నీలి సిలువ లేదు, సున్నం చుక్క కూడా లేదు. వానలకు శుభ్రంగా కడుక్కుపోయింది. అక్షరాలు, బాణం, రైల్లోంచి కూడా బాగా తెలుస్తున్నాయి.

ఇప్పుడు ఎవరు చూసినా అది రైల్వే రాయనే అంటారు.